కంపైలర్‌కు మనం రాసిచ్చే పూచీకత్తు

మైపాడు దగ్గర మా బావకు రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే వెంటనే తెలియాలని నేనొక చిన్న ఏర్పాటు చేసి ఇచ్చాను. చెరువులో ఒక సెన్సర్, గట్టు మీద షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్, దానికి తగిలించిన సైరన్. ఆక్సిజన్ 4 పీపీఎం కన్నా తగ్గినా, సెన్సర్ నుంచి లెక్క రావడం ఆగిపోయినా సైరన్ మోగాలి. ప్రోగ్రామ్ సీ ప్లస్ ప్లస్‌లో రాశాను. ఇంట్లో బకెట్ నీళ్లలో సెన్సర్ పెట్టి చూశాను, తీగ పీకి కూడా చూశాను. మోగింది. చెరువు దగ్గర బిగించే ముందు మాత్రం సోర్స్ నుంచి, అంటే నేను రాసిన కోడ్ నుంచి, మళ్లీ ఒకసారి బిల్డ్ చేశాను. కోడ్‌ను మెషిన్ నడిపే ఫైల్‌గా మార్చడమే బిల్డ్, ఆ పని చేసేది కంపైలర్. ఫైనల్ బిల్డ్ కదా, బాగా వేగంగా ఉండాలని కంపైలర్‌కు -ఓఫాస్ట్ అనే ఫ్లాగ్, అంటే ఒక ఆదేశం, పెట్టాను.

నెల తిరగకముందే ఒక తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. "అబ్బయా, రొయ్యలన్నీ గట్టు పక్కకి చేరి తేలతా ఉండాయి. నీ సైరన్ మోగలా."

కాపలా ఉన్న పెద్దాయన టార్చి వేసి చూశాడు కాబట్టి సరిపోయింది. ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆడించారు, పంట దక్కింది. చెరువులో ఆక్సిజన్ తెల్లవారే ముందే అన్నిటికన్నా తక్కువ ఉంటుంది, రాత్రంతా నీళ్లలోని నాచు కూడా దాన్నే వాడుకుంటుంది గనక. ఇంకో గంట ఎవరూ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

వెళ్లి చూస్తే ఉప్పునీళ్ల గాలికి సెన్సర్ కనెక్టర్ తుప్పుపట్టి ఊడిపోయి ఉంది. లెక్క దొరకనప్పుడు సెన్సర్ లైబ్రరీ 'న్యాన్' అనే విలువ పంపుతుంది. ఇది అంకె కాదు అని దాని అర్థం. న్యాన్‌ను తక్కువా, ఎక్కువా, సమానమా అని దేనితో పోల్చినా సమాధానం 'కాదు' అనే వస్తుంది. 4 కన్నా తక్కువా? కాదు. ఎక్కువా? కాదు. తనకు తాను సమానమా అని అడిగినా కాదు. అందుకే 'ఇది న్యాన్ అవునా' అని విడిగా అడగాలి. నా ప్రోగ్రామ్‌లో ఆ ప్రశ్న ఉంది. చెరువు దగ్గర నడుస్తున్న ఫైల్‌లో లేదు. -ఓఫాస్ట్ పెట్టినప్పుడు కంపైలర్ దాన్ని తీసేసింది.

కంపైలర్ తప్పు చేయలేదు. -ఓఫాస్ట్ లోపల -ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్ అనే ఇంకో ఫ్లాగ్ ఉంటుంది. "నా ప్రోగ్రామ్‌లోకి న్యాన్ గానీ అనంతం గానీ ఎప్పుడూ రావు, దానికి నాదే పూచీ" అని మనం కంపైలర్‌కు రాసివ్వడమే ఆ ఫ్లాగ్ అర్థం. ఎప్పుడూ రానిదాని కోసం ప్రశ్న ఎందుకని అది తీసేసింది. సంతకం పెట్టింది నేను. చదవకుండా పెట్టాను.

అప్పటినుంచి ఫ్లాగ్‌లను నేను చూసే తీరు మారింది. సోర్స్ నుంచి సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసుకునే మన పిల్లలు చాలామంది వీటిని ఫ్యాన్ రెగ్యులేటర్ అంకెల్లా చూస్తారు. అంకె పెంచితే వేగం పెరుగుతుందని లెక్క. కొన్ని ఫ్లాగ్‌లు నిజంగానే ఎంత కష్టపడాలో కంపైలర్‌కు చెబుతాయి. మరికొన్ని మన దగ్గర పూచీకత్తు రాయించుకుంటాయి. ఏది ఏ రకమో తెలిస్తే ఈ గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

కష్టం పెంచే ఫ్లాగ్‌లు

ముందు అంకెల సంగతి. ఓ అంటే ఆప్టిమైజేషన్, అంటే వచ్చే కోడ్‌ను మెరుగుపరచడం. పక్కన ఉండే అంకె దాని స్థాయి. జీసీసీ అనే కంపైలర్‌కు ఏమీ చెప్పకపోతే -ఓ0 తీసుకుంటుంది, అంటే ఆప్టిమైజేషన్ దాదాపు లేనట్టే. అప్పుడు వచ్చే కోడ్, చిటికెడు ఉప్పు కావాల్సినప్పుడల్లా సామాన్ల గదిలోకి వెళ్లి డబ్బా తెచ్చి, వేసి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చే వంటమనిషి లాంటిది. ప్రతి వేరియబుల్‌నూ మెమరీ నుంచి తేవడం, వాడడం, తిరిగి మెమరీలో పెట్టడం. తప్పులు వెతికే డీబగ్గర్‌లో లైను లైనుకూ ఆగి చూసుకోవడానికి అదే హాయిగా ఉంటుంది, ఎక్కడ ఆపినా ప్రతి విలువ తన చోట కనిపిస్తుంది గనక.

-ఓ1, -ఓ2 దగ్గరికి వచ్చేసరికి పోపుల పెట్టె పొయ్యి పక్కకు చేరుతుంది. ఆ పెట్టె ప్రాసెసర్ రిజిస్టర్లు. ఎక్కువగా వాడే విలువలు అక్కడే ఉంటాయి. రెండుసార్లు చేసే లెక్క ఒకసారే చేస్తారు, లూప్‌లో మారని పనిని లూప్ బయటికి తెస్తారు, చిన్న ఫంక్షన్లను పిలిచే చోటే కలిపేస్తారు. -ఓ0 నుంచి -ఓ2కు మారితే లెక్కలు ఎక్కువున్న ప్రోగ్రామ్ కొన్ని రెట్లు వేగం అందుకోవడం మామూలే. ఇంత లాభం ఇచ్చే అడుగు ఆ తర్వాత మళ్లీ రాదు.

అసలు నష్టం జరిగేది కూడా ఇక్కడే. ఒంగోలులో ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు ఒకసారి లాప్‌టాప్ తీసుకొచ్చాడు. "అన్నా, సీ ప్లస్ ప్లస్ వేగం అంటారు, నా ప్రాజెక్టు పైథాన్ కన్నా నెమ్మదిగా నడుస్తా ఉంది" అన్నాడు. -ఓ3 పెట్టాలా, ఇంకేదైనా ఫ్లాగ్ ఉందా అని అడిగాడు. చూస్తే, బిల్డ్‌ను నడిపించే సీమేక్ అనే సాధనంలో బిల్డ్ టైప్ ఖాళీగా ఉంది. సీమేక్ మామూలుగా బిల్డ్ టైప్‌ను తనంతట తాను ఎంచుకోదు. ప్రాజెక్టు రాసినవాళ్లు పెట్టకపోతే, మనమూ చెప్పకపోతే, ఏ ఆప్టిమైజేషన్ ఫ్లాగూ వెళ్లదు, అంటే -ఓ0. 'రిలీజ్' అంటే -ఓ3, 'రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో' అంటే -ఓ2తో పాటు డీబగ్ సమాచారం కూడా. ఒక్క మాట చేర్చాడు, అతని సమస్య తీరిపోయింది. రస్ట్ అనే భాషలో కూడా ఇంతే. దాని బిల్డ్ సాధనం కార్గో. కార్గో బిల్డ్ అని ఊరికే అంటే స్థాయి 0, వెనక రిలీజ్ అని చేరిస్తే 3. పాత పద్ధతి కాన్ఫిగర్ స్క్రిప్టులు మాత్రం ఏమీ చెప్పకపోయినా -జీ (డీబగ్ సమాచారం), -ఓ2 తీసుకుంటాయి. అక్కడ మనం సీఫ్లాగ్స్ అనే సెట్టింగ్‌లో సొంతంగా ఏదైనా రాస్తే ఆ -జీ -ఓ2 పూర్తిగా పోయి మనం రాసిందే మిగులుతుంది. ఈ సంగతి తెలియక ఏదో ఒక చిన్న ఫ్లాగ్ చేర్చబోయి -ఓ2ను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే కమాండ్‌లో రెండు -ఓలు ఉంటే చివరిదే చెల్లుతుంది. సీమేక్‌లో మనం -ఓ2 అని రాసి, బిల్డ్ టైప్ రిలీజ్ అంటే దాని -ఓ3 మన దాని తర్వాత వస్తుంది. మనం -ఓ2 మీద ఉన్నామనుకుంటాం, నిజానికి ఉండం. బిల్డ్ నడిచేటప్పుడు వివరాలన్నీ చూపే వెర్బోస్ పెట్టి, కంపైలర్‌కు అసలు ఏ కమాండ్ వెళ్తోందో ఒకసారి కళ్లతో చూడడం మేలు.

ఇక -ఓ3. ఇది మరిన్ని ఫంక్షన్లను కలిపేస్తుంది, లూప్‌లను విప్పి పరుస్తుంది, ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో నాలుగైదు అంకెల మీద పని చేయించడానికి మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. వంటగట్టు మీద సామాన్లన్నీ పరిచినట్టు. గట్టు వెడల్పుగా ఉంటే పని చకచకా సాగుతుంది. కానీ ప్రాసెసర్‌లో ఇన్‌స్ట్రక్షన్లు పెట్టుకునే మొదటి క్యాష్, అంటే చేతికి దగ్గరుండే చిన్న మెమరీ, చాలా చిప్‌లలో 32 కేబీ మాత్రమే. కోడ్ ఉబ్బిపోయి అందులో పట్టకపోతే వేగం తగ్గుతుంది కూడా. లినక్స్ కెర్నల్ మామూలుగా -ఓ2తోనే బిల్డ్ అవుతుంది. 2022లో -ఓ3 ఎంపికను అందరికీ తెరవాలనే ప్రతిపాదన వస్తే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. -ఓ3 అధ్వాన్నమైన కోడ్ ఇచ్చిన చరిత్ర ఉందన్నది ఆయన అభ్యంతరం.

మరి కొలిచి చూసుకుంటే పోలేదా అనిపిస్తుంది. కొలవడమే ఇక్కడ కష్టం. 2009లో మిట్కోవిచ్, దివాన్, హౌస్‌విర్త్, స్వీనీ అనే పరిశోధకులు ఒక విషయం చూపించారు. ప్రోగ్రామ్‌కు సిస్టమ్ అందించే సెట్టింగులైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సైజు మారినా, కంపైల్ అయిన ముక్కలైన ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపే (లింక్ చేసే) వరస మారినా, -ఓ3 లాభమా నష్టమా అనే తీర్పే తారుమారు కావచ్చు. మెమరీలో కోడ్, డేటా ఎక్కడ కూర్చున్నాయన్నదే కారణం. 2013లో చార్లీ కర్ట్‌సింగర్, ఎమెరీ బెర్గర్ ఆ అమరికను నడుస్తుండగానే మళ్లీ మళ్లీ కలిపేసే పరికరం తయారుచేసి ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్‌ను పరీక్షించారు. వాళ్లు తీసుకున్న ప్రోగ్రాములన్నీ కలిపి చూస్తే, -ఓ2 కన్నా -ఓ3 ఇచ్చే లాభాన్ని యాదృచ్ఛికంగా వచ్చే తేడా నుంచి విడదీయలేమని తేలింది. ఆ తర్వాత కంపైలర్లు మారాయి. 2022లో వచ్చిన జీసీసీ 12 నుంచి -ఓ2లోనే వెక్టరైజేషన్, అంటే ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో అనేక అంకెల మీద పని చేయించడం, కొంతవరకు మొదలవుతుంది, కాబట్టి రెంటి మధ్య దూరం ఇంకా తగ్గింది.

మన ఊళ్లో దీనికి ఎండ కూడా తోడవుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరులో మధ్యాహ్నం రెండింటికి లాప్‌టాప్ మీద ఒక ప్రోగ్రామ్ నడిపి, అదే ఫైల్‌ను తెల్లవారుజామున ఐదింటికి నడిపి చూడండి. చిప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. -ఓ2, -ఓ3ల మధ్య నేను చూసిన తేడా కన్నా పొద్దుటికీ మధ్యాహ్నానికీ చూసిన తేడానే ఎక్కువ. పోల్చాలనుకుంటే రెండు బిల్డ్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి, కనీసం పది పదిహేనుసార్లు, ఒకే చల్లదనంలో నడపాలి. ఒక్కొక్కసారి నడిపి ఇది 3 శాతం వేగం అనేవాళ్ల మాట నేను పట్టించుకోను.

నా మటుకు -ఓ2తో మొదలుపెడతాను. బొమ్మలు, ధ్వని, పెద్ద పెద్ద లెక్కలు చేసే ప్రోగ్రామ్ అయితే -ఓ3 కొలిచి చూస్తాను. ఆ ప్రాజెక్టు రాసినవాళ్లే -ఓ3 పెట్టి ఉంటే కదిలించను, వాళ్లు దాంతోనే పరీక్షించి ఉంటారు. -ఓఎస్, -ఓజెడ్ కోడ్ సైజు తగ్గించడానికి. చిన్న మైక్రోకంట్రోలర్ మీద కాకపోతే వాటి గురించి ఆలోచించక్కర్లేదు.

చీమకుర్తి కంప్యూటర్

-మార్చ్=నేటివ్ పెడితే ఈ మెషిన్‌లోని చిప్‌కు ఏమేం చేతనవునో అవన్నీ వాడుకొమ్మని కంపైలర్‌కు చెప్పినట్టు. కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా అన్నమాట, రెడీమేడ్ కన్నా బాగా కూర్చుంటుంది. ఇందులోనూ ఒక పూచీ ఉంది. ఈ ఫైల్ ఈ చిప్ మీదో, ఇవన్నీ తెలిసిన చిప్ మీదో తప్ప ఇంకెక్కడా నడవదని మనం ఒప్పుకుంటున్నాం.

చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్ నడిపే స్నేహితుడొకరున్నారు. స్లాబ్ ఫోటో తీస్తే చదరపు అడుగులు లెక్కగట్టే ప్రోగ్రామ్ కావాలన్నారు. నెల్లూరులో నా లాప్‌టాప్ మీద -మార్చ్=నేటివ్‌తో బిల్డ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. ఆఫీసు కంప్యూటర్ మీద నడిపితే తెర మీద 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. ఆ చిప్‌కు తెలియని ఇన్‌స్ట్రక్షన్ తగిలింది.

నేను వయసు చూసి మోసపోయాను. ఒకేసారి ఎనిమిది చిన్న అంకెల మీద పనిచేసే ఏవీఎక్స్2 ఇన్‌స్ట్రక్షన్లు ఇంటెల్ చిప్‌లలోకి 2013లో వచ్చాయి. ఆ కంప్యూటర్ అంతకన్నా కొత్తదే. కానీ అందులో ఉన్నది పెంటియమ్. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు ఇంటెల్ పెంటియమ్, సెలెరాన్ పేర్లతో అమ్మిన డెస్క్‌టాప్ చిప్‌లలో ఏవీఎక్స్, ఏవీఎక్స్2లను తెరవలేదు. మన షాపుల్లో, ఆఫీసుల్లో బిల్లింగ్ కోసం కొన్న మెషిన్లలో ఇవే ఎక్కువ. కాబట్టి కొన్న సంవత్సరాన్ని నమ్మకూడదు. లినక్స్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టి, ఫ్లాగ్స్ వరసలో ఏవీఎక్స్2 ఉందో లేదో చూసుకోవాలి.

ఈ తలనొప్పికి 2020లో ఒక మంచి మందు వచ్చింది. ఎక్స్86-64 చిప్‌లను, అంటే ఇంటెల్, ఏఎండీల 64 బిట్ చిప్‌లను, నాలుగు మెట్లుగా విభజించారు. మొదటిది 64 బిట్ మొదలైన నాటిది, అన్నిచోట్లా నడుస్తుంది. వీ2లో ఏవీఎక్స్‌కు ముందుతరమైన ఎస్ఎస్ఈ4.2 వరకు ఉంటుంది, వీ3లో ఏవీఎక్స్2 చేరుతుంది, వీ4లో ఏవీఎక్స్-512. జీసీసీ 11 నుంచి -మార్చ్ పక్కన ఈ మెట్టు పేరే రాయవచ్చు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 మొత్తం వీ2కు, 10 మొత్తం వీ3కి బిల్డ్ చేశారు. చీమకుర్తికి నేను వీ2తో మళ్లీ బిల్డ్ చేసి ఇచ్చాను. వేగంలో తేడా కనిపించలేదు. బొమ్మల పనంతా చేసేది ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ. అది నడిచేటప్పుడే చిప్‌ను చూసుకుని, సరిపడే కోడ్‌ను తనలోంచి తానే ఎంచుకుంటుంది. మెమరీ కాపీ చేసే మామూలు ఫంక్షన్లకు లినక్స్‌లోని మూల లైబ్రరీ జీలిబ్‌సీ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. భారమైన పని ఇలాంటి లైబ్రరీలదే అయినప్పుడు మన కోడ్‌ను నేటివ్‌గా కుట్టించుకున్నందువల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

మన మెషిన్ మీద బిల్డ్ చేసి మన మెషిన్ మీదే నడుపుకునేవాళ్లకు -మార్చ్=నేటివ్ మంచిదే. ఎక్కువగా సోర్స్ నుంచే బిల్డ్ చేసుకునే జెంటూ లినక్స్ వాడేవాళ్లు -ఓ2తో పాటు దీన్ని పెట్టుకోవడం మామూలు. ఇంకొకరికి ఇచ్చే ఫైల్ అయితే మాత్రం వద్దు. అద్దెకు తీసుకున్న క్లౌడ్ మెషిన్ మీద కూడా ఆలోచించుకోవాలి. రేపు రీస్టార్ట్ అయ్యాక కింద అదే చిప్ ఉంటుందన్న భరోసా లేదు.

అంకెల మీద పూచీ

-ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్ దగ్గరికి మళ్లీ వస్తాను, పంట పోయేంత పని జరిగింది దీనివల్లే గనక. న్యాన్ రాదన్న పూచీ ఇందులో ఒక్కటి మాత్రమే. కూడికలను ఏ వరసలోనైనా చేసుకోవచ్చన్నది ఇంకొకటి. బడి లెక్కల్లో అది నిజం, కంప్యూటర్ దశాంశాల్లో కాదు. ఒకటి పక్కన 16 సున్నాలున్న అంకెకు ఒకటి కలిపి, మళ్లీ ఆ పెద్ద అంకెనే తీసేస్తే డబుల్ అనే దశాంశ రకంలో సమాధానం సున్నా వస్తుంది. పెద్ద అంకెను ముందే తీసేసి తర్వాత ఒకటి కలిపితే ఒకటి వస్తుంది. ఇలా జారిపోయే చిల్లరను పట్టుకోవడానికి కహాన్ కూడిక అనే పద్ధతి ఉంది. వరస మార్చుకోవచ్చని మనం ఒప్పుకుంటే కంపైలర్ ఆ పట్టుకునే మెట్టును 'దీని విలువ ఎప్పుడూ సున్నాయే' అని లెక్కగట్టి కొట్టేస్తుంది. డబ్బు, కొలతలు, మందుల మోతాదు లెక్కించే ప్రోగ్రామ్‌లో ఇది ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

ఇంకా ఇబ్బంది పెట్టేది ఒకటుంది. ఈ ఫ్లాగ్‌తో బిల్డ్ చేసిన లైబ్రరీని ఎవరో లోడ్ చేస్తే, ఆ లైబ్రరీ తన లెక్కలతో ఆగకుండా మొత్తం ప్రోగ్రామ్‌లో అతి చిన్న అంకెలను సున్నా చేసే మోడ్‌లోకి ప్రాసెసర్‌ను నెట్టేది. ఒకరి సంతకానికి ఇంకొకరు బాధ్యులయ్యేవారు. జీసీసీ 13 నుంచి షేర్డ్ లైబ్రరీల విషయంలో ఇది ఆపారు. 2024లో క్లాంగ్ అనే కంపైలర్ 19వ వెర్షన్ అసలు -ఓఫాస్ట్ అనే పేరునే విరమించుకోమని హెచ్చరించడం మొదలుపెట్టింది. -ఓ3 పక్కన ఉండేసరికి అది ఇంకో మెట్టు అని జనం అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ మూటలో అన్నీ చెడ్డవి కావు. -ఎఫ్‌నో-మ్యాథ్-ఎర్నో అనేది వర్గమూలం లాంటి ఫంక్షన్లు తప్పు జరిగితే ఎర్నో అనే తప్పుల గుర్తులో రాయనక్కర్లేదని మాత్రమే చెబుతుంది. ఆ ఎర్నోను చూసేవాళ్లు అరుదు, సమాధానం మారదు, వర్గమూలం ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా మారుతుంది. వేగం నిజంగా కావాల్సినచోట మూట మొత్తం ఎత్తుకోకుండా ఇలా ఒక్కొక్కటి చదివి తీసుకోవచ్చు.

మనకు తెలియకుండా ఇచ్చిన మాట

ఏ ఫ్లాగూ పెట్టకపోయినా సీ, సీ ప్లస్ ప్లస్ రాయడంలోనే మనం కొన్ని పూచీలు ఇచ్చేస్తాం. ధన, రుణ గుర్తు ఉండే పూర్ణాంకం దాని హద్దు దాటదని, ఖాళీ పాయింటర్ (మెమరీలో ఏ చోటునూ చూపని గుర్తు) వెనక ఏముందో మనం చూడబోమని. ఎక్స్‌కు 100 కలిపితే ఎక్స్ కన్నా తగ్గిందా అని హద్దు దాటడాన్ని పట్టుకోవాలని రాస్తే, -ఓ2లో ఆ ప్రశ్న మాయమవుతుంది. 2009లో లినక్స్ కెర్నల్‌లోని టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఇలాంటిదే జరిగింది. పాయింటర్‌ను ముందు వాడి, తర్వాత అది ఖాళీనా అని అడిగారు. వాడారంటే ఖాళీ కాదని కంపైలర్ అనుకుని ఆ ప్రశ్నను తీసేసింది, దాంతో భద్రతా లోపం ఏర్పడింది. అలాంటి ప్రశ్నలను తీసేయొద్దని చెప్పే ఫ్లాగ్‌తో కెర్నల్‌ను బిల్డ్ చేయడం ఆ తర్వాతే మొదలుపెట్టారు.

కాబట్టి -ఓ0లో నడిచి -ఓ2లో చెడిపోయే ప్రోగ్రామ్ కనబడితే -ఓ0కు పారిపోకండి. కంపైలర్‌లో తప్పులు ఉంటాయి గానీ చాలా తక్కువ. నూటికి తొంభై పాళ్లు మన కోడ్‌లోనే మాట తప్పిన చోటు ఉంటుంది. అండిఫైన్డ్ శానిటైజర్, అడ్రస్ శానిటైజర్ అనే తనిఖీ ఫ్లాగ్‌లు పెట్టి ఒకసారి నడిపితే చాలాసార్లు లైను నంబరుతో సహా దొరుకుతుంది. పైగా -ఓ0లో ఉండిపోతే ఇంకో నష్టం కూడా ఉంది. బఫర్ పొంగడాన్ని కాపలా కాసే ఫోర్టిఫై సోర్స్ రక్షణ ఆప్టిమైజేషన్ లేకపోతే పనిచేయదు.

వేగం నిజంగా కావాలంటే అంకెల కన్నా పనికొచ్చేది ప్రొఫైల్. ఒకసారి ప్రత్యేకంగా బిల్డ్ చేసి, రోజూ చేసే పనే దానితో చేయించి, ఏ దారి ఎక్కువ తొక్కుతున్నారో రాసుకున్నాక, ఆ చిట్టా చూసి మళ్లీ బిల్డ్ చేయడం. పైథాన్‌ను సోర్స్ నుంచి కట్టేటప్పుడు 'ఎనేబుల్ ఆప్టిమైజేషన్స్' అంటే జరిగేది ఇదే. అందుకే ఆ బిల్డ్ అంతసేపు పడుతుంది. ఇందులో అంకెల గురించి పూచీ ఏదీ ఇవ్వం, అందుకే నాకిది ఇష్టం. లింక్ సమయంలో ఫైళ్లన్నీ కలిపి చూసే ఎల్‌టీఓ కూడా మంచిదే గానీ మెమరీ బాగా తింటుంది. 4 జీబీ లాప్‌టాప్ మీద బిల్డ్ నడిపే మేక్ అనే సాధనానికి -జే (ఒకేసారి ఎన్ని పనులో చెప్పేది) అని పెట్టి అంకె రాయకపోతే కంపైలర్లు ఒకేసారి లెక్కలేనన్ని మొదలై, మధ్యలో 'కిల్డ్' అని వచ్చి ఆగుతుంది. సోర్స్‌లో తప్పుందేమోనని పిల్లలు గంటలు గంటలు వెతుకుతారు. -జే2 పెడితే సరిపోతుంది.

మైపాడులో ఇప్పుడు నడుస్తున్నది -ఓ2 బిల్డ్. అసలు నిమిషానికి ఒకసారి సెన్సర్‌ను చదివే ప్రోగ్రామ్‌కు అంతకు మించిన వేగం ఎప్పుడూ అవసరం లేదు. న్యాన్ ప్రశ్నతో పాటు, మూడు నిమిషాలు సరైన లెక్క రాకపోతే కారణం ఏదైనా సైరన్ మోగేలా మార్చాను. పరీక్షలు కూడా చెరువు దగ్గర పెట్టే ఫైల్‌తోనే, అవే ఫ్లాగ్‌లతో చేస్తున్నాను. బావ నా మాట మీద వదిలేయలేదు. మొదటి రోజు సాయంత్రం తనే షెడ్డులోకి వెళ్లి సెన్సర్ తీగ పీకి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. మూడో నిమిషంలో సైరన్ మోగింది. ఇప్పుడు ప్రతి శనివారం మేత వేసి వచ్చాక ఒకసారి పీకి చూస్తాడు.